లోపల పెట్టిన బొట్టు

నేను ఒక ఇత్తడి గొట్టాన్ని. మూరెడు పొడవు, పిడికెడు లావు, కుడి పక్కన పెద్ద సొట్ట. ఇప్పుడు ఒక కాలేజీ భౌతికశాస్త్ర విభాగంలో అద్దాల బీరువాలో కాపురం. వచ్చిన విద్యార్థులు నన్ను పాత పిచికారీ అనుకుని వెళ్లిపోతుంటారు. పోనివ్వండి. నా ఒంటి మీద పడినన్ని దెబ్బలు వాళ్ల తాతముత్తాతలందరూ కలిసి తిని ఉండరు. మనిషికి ఏదైనా అర్థం కావాలంటే ముందు దాన్ని కొట్టి చూడాలి. ఈ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మొదటి జన్మలో నేను ఫిరంగి గుండుకు తొడుగుని. మొదటి ప్రపంచ యుద్ధంలో బస్రా దగ్గర ఇసుకలో నన్ను ఫిరంగిలోకి తోసి మూత బిగించారు. కడుపు నిండా మందు, నోట్లో గుండు. వెనక నుంచి ఒక్క పోటు పడేసరికి నా కడుపు భగ్గున మండింది. గుండు వెళ్లిపోయింది. తొడుగు ఫిరంగిలోనే ఉండిపోతుంది కాబట్టి అదెక్కడ పడిందో నేను చూడలేదు. దుర్భిణి పట్టుకున్న దొర మాత్రం తగిలిందని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు గంతులేశారు. ఎవరికి తగిలిందో, వాళ్ల పేరేమిటో ఒక్కడూ అడగలేదు.

పొగలు కక్కుతూ ఇసుకలో పడి ఉన్న నన్ను తవిటయ్య అనే సిపాయి ఏరుకున్నాడు. అతనిది శ్రీకాకుళం వైపు. సైన్యం నుంచి బయటపడ్డాక నన్ను ట్రంకుపెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, గుమ్మం పక్కన నిలబెట్టి నాలో బంతిపూలు పెడదామనుకున్నాడు. అతని భార్య ఒప్పుకోలేదు.

"మనుసుల్ని సంపిన దాన్ని గుమ్మంల ఎడతావేటి? నీకు మతి గాని పోనాదా?" అని విరుచుకుపడింది. ఆ సాయంత్రమే తవిటయ్య నన్ను కంచరి పోలయ్య కొలిమి దగ్గర పడేసి, తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

పోలయ్య నన్ను వెంటనే కరిగించలేదు. చాలా ఏళ్లు మూలన పడేశాడు. ఒకరోజు పంచెకట్టు, కోటు, తలపాగాతో ఒకాయన చేతిలో బొమ్మ గీసిన కాగితంతో వచ్చాడు. ఆయన పేరు దక్షిణామూర్తి, కాలేజీలో భౌతికశాస్త్రం ఆచార్యుడు. ఇంగ్లండు నుంచి పరికరం తెప్పించడానికి కాలేజీ వాళ్లు ససేమిరా అంటే, ఇక్కడే పోత పోయించుకుంటానని పంతం పట్టి బయల్దేరాడు.

పోలయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గొట్టమంటన్నారు, రెండు కుళాయిలంటన్నారు. నీలు పట్టడానికేనా బాబూ?"

"నీళ్లు కాదోయ్. దీన్లో యుద్ధం జరగాలి."

"అయితే సరైన ఇత్తడే ఉన్నాది. యుద్ధం సేసొచ్చిన ఇత్తడి" అని పోలయ్య నన్ను మూలనుంచి లాగాడు.

సుత్తితో ముక్కలు చేసి, మూసలో వేసి, తిత్తులు ఊది కరిగించి అచ్చులో పోశారు. చల్లారాక ఆకురాయితో ఒళ్లంతా గీకారు. నొప్పి పుట్టిందా అని అడగకండి. నన్ను అడగాల్సిన ప్రశ్న అది కాదు, ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు కూడా.

కాలేజీలో నాకొక చిన్న గది ఇచ్చారు. నా ఒక చివర రేడియం పూసిన బిళ్లను బిగించారు. రెండో చివర కిటికీలా పలచటి వెండి రేకు అతికించారు. రేకుకు అవతల జింక్ సల్ఫైడ్ పూసిన తెర, దాని వెనక సూక్ష్మదర్శిని. కిటికీకీ తెరకీ మధ్య సన్నటి రేకులు ఒక్కొక్కటిగా దోపడానికి చీలికలు పెట్టారు. కుళాయిల్లోంచి కావలసిన గ్యాసు నింపుతారు. పగలే తలుపులు, కిటికీలు మూసి నల్లగుడ్డలు వేలాడదీసి, సూక్ష్మదర్శినిలోకి కన్ను పెట్టి చూస్తే తెర మీద సన్నటి మెరుపులు కనిపిస్తాయి. ఒక్కో మెరుపూ ఒక్కో దెబ్బ.

దక్షిణామూర్తి గారికి కోపం ముక్కు మీదే ఉండేది. పాఠం మధ్యలో ఎవరైనా ఆవలిస్తే సుద్దముక్క నుదుటికి తగిలేది. గురి తప్పేది కాదు. పరమాణువు గురించి చెప్పేటప్పుడు బల్ల గుద్ది మరీ చెప్పేవాడు.

"ఒరే, చీకటి గదిలో ఏముందో తెలియాలంటే ఏం చేస్తావు? రాళ్లు విసురు. రాయి అవతలికి దూసుకుపోతే అక్కడ ఏమీ లేదు. నీ మొహం మీదకే తిరిగొచ్చిందా, అక్కడ గట్టిదేదో ఉందన్నమాట! బంగారు రేకు మీద ఆల్ఫా కణాలు విసిరారు. నూటికి తొంభైతొమ్మిది పాళ్లు అవతలికి పోయాయి. ఎక్కడో ఒకటీ అరా మాత్రం మొహం మీదకి తిరిగొచ్చాయి. అంటే పరమాణువు నడుమ నలుసుకంటే చిన్న గట్టి గింజ ఉంది. దాని పేరు కేంద్రకం. సరే, ఆ గింజలో ఏముంది? ఇంకా గట్టిగా కొట్టారు. నైట్రోజన్ గింజను కొడితే దాన్లోంచి హైడ్రోజన్ గింజ ఊడిపడింది! అర్థమైందా? ఒకదాని కడుపులో ఇంకొకటి ఉంది. అన్ని గింజల్లోనూ ఉండే ఆ హైడ్రోజన్ గింజే ప్రోటాన్."

అది వింటున్నప్పుడు నాకు బస్రా గుర్తొచ్చేది. అక్కడ కొట్టినవాళ్లకు లోపల ఏముందో తెలుసుకోవాలని లేదు. ఇక్కడివాళ్లకు ఉంది. తేడా అదొక్కటే, దెబ్బలో మాత్రం తేడా లేదు. నా లోపల రేడియం బిళ్ల నుంచి ఆల్ఫా కణాలు రాత్రీ పగలూ బయల్దేరేవి. ఎదురొచ్చిన నైట్రోజన్‌ను ఢీకొట్టేవి. ఎన్నో కోట్ల దెబ్బల్లో ఎక్కడో ఒకటి నెత్తిన సూటిగా పడితే, ఆ గింజ పగిలి ప్రోటాన్ ఎగిరి వచ్చి, ఆల్ఫా కణాలు దాటలేని వెండి రేకును చీల్చుకుని తెరకు కొట్టుకుని చచ్చేది. ఆ చావు మెరుపును చూడటానికే మనుషులు నల్లగుడ్డల మధ్య చెమటలు కక్కుతూ కూర్చునేవారు.

అలా కూర్చున్నవాళ్లలో అందరికంటే పట్టుదల ఉన్నది ఓలేటి దమయంతికి. ఆచార్యుల దగ్గర పరిశోధనకు చేరిన ఒకే ఒక్క ఆడపిల్ల. సన్నటి మనిషి, మాట తక్కువ. తెల్లచీర మీద పడ్డ ఆసిడ్ చిల్లులను కుట్టుకోకుండానే వచ్చేసేది. నైట్రోజన్ నుంచి వచ్చే మెరుపులు నిజంగా నైట్రోజన్ కడుపులోవేనా, లేక గ్యాసులో కలిసిన తడి నుంచో అతుకులకు పూసిన మైనం నుంచో వచ్చిన ఉత్త హైడ్రోజన్‌వా అన్నది తేల్చుకోవడానికి ఆమెకో లెక్క తెలుసు. బయట తిరిగే హైడ్రోజన్‌కు దెబ్బ తగిలితే అది కొంత దూరమే పరిగెత్తగలదు. ఆ పైన ఇంకో నాలుగు రేకులు అడ్డం పెడితే చాలు, ఆగిపోతుంది. నైట్రోజన్ పగిలి వచ్చిన ప్రోటాన్ ఆ రేకులను కూడా చీల్చుకుపోతుంది. ఆమె రేకులు దోపి చూసింది. మెరుపులు ఆగలేదు. అవి కడుపులోవే.

ఆ ఏడు దసరాకు ప్రయోగశాలలో ఆయుధపూజ చేశారు. ఎర్రన్న అనే నౌకరు తక్కెడలకూ, బ్యాటరీలకూ, చివరికి చీపురుకు కూడా పసుపు కుంకుమలు పెట్టాడు. నా వంతు వచ్చేసరికి ఆచార్యులే ముందుకొచ్చాడు. పాత వెండి రేకు తీసి కొత్తది వేసిన రోజది. రేడియం బిళ్ల ఇంకా సీసపు పెట్టెలోనే ఉంది.

"పైన పెడితే ఏం లాభం? దీని ఆయువుపట్టు లోపల ఉంది. దెబ్బలన్నీ తగిలేది ఆ రేకుకే. అమ్మాయ్, నీ వేలు సన్నం. రేకు చిరగకుండా లోపలివైపు నువ్వు పెట్టు."

దమయంతి తటపటాయించింది. "లోపలెందుకు మాస్టారూ? తర్వాత తుడవడం కష్టం."

"తుడవడమా? పూజ చేసిన ఆయుధానికి బొట్టు తుడుస్తారటమ్మా! దానంతట అది రాలిపోవాలి" అని ఆయన కసిరాడు. ఆమె వేలు లోపలికి పోనిచ్చి, నలుసంత పసుపు అద్ది, పైన కుంకుమ చుక్క పెట్టింది. చల్లటి వేలు. నాకు దెబ్బ కాకుండా తగిలింది అదొక్కటే.

పండగ వెళ్లాక ఆక్సిజన్ నింపారు. సముద్రాల అవతల ఎంత కొట్టినా ఆక్సిజన్ పగల్లేదని చెప్పుకునేవారు. దమయంతి సూక్ష్మదర్శినిలోకి చూసింది. మెరుపులు! ఆచార్యులు ఆమెను పక్కకు నెట్టి తను చూశాడు. మళ్లీ చూశాడు. లేచి నల్లగుడ్డలు పీకి పారేశాడు.

"పగిలింది! వాళ్లకు పగలనిది మనకు పగిలిందమ్మా! మన ఇత్తడి గొట్టంలో!" అంటూ ఎర్రన్న వీపు మీద చరిచాడు. ఎర్రన్న బోర్లాపడబోయి బల్ల పట్టుకున్నాడు.

ఆ క్షణం నుంచి కాలేజీ అంతా ఇదే మాట. మద్రాసు నుంచి, కలకత్తా నుంచి పెద్దలను పిలిచి వాళ్ల కళ్ల ముందు ప్రదర్శించాలని ఆచార్యులు నిశ్చయించాడు. దమయంతికి మాటిచ్చాడు. "నా పేరు పక్కన నీ పేరుంటుంది. ఇది కాగానే ఇక్కడే నీకు ఉద్యోగం. ఆడపిల్లకు ఈ గది ఎందుకని అడిగినవాళ్ల నోళ్లు మూతపడతాయి." ఆ గదిలో ఆమె కోరుకున్నది అదే. సొంతంగా ఒక బల్ల, దాని ముందు కూర్చునే హక్కు.

అయినా ఆమె మొహంలో సంతోషం లేదు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు చీలికల్లో రేకులు ఒక్కొక్కటే పెంచుతూ పోయింది. ఉత్త హైడ్రోజన్ ఆగిపోయే చోటికి రాగానే ఆక్సిజన్ మెరుపులు ఠక్కున ఆగిపోయాయి. తీస్తే వచ్చాయి. పెడితే పోయాయి. ఆమె నుదురు పట్టుకుని కూర్చుంది.

"ఇవి ఆక్సిజన్‌వి కావు మాస్టారూ. ఎక్కడో హైడ్రోజన్ దూరింది" అని చెబితే ఆచార్యులు భగ్గుమన్నాడు.

"గ్యాసు ఆరబెట్టలేదా? మైనం మార్చలేదా? ఇంకెక్కడి నుంచి దూరుతుంది, నా నెత్తి మీంచా?" బల్ల మీది గాజు బుడ్డి గోడకు తగిలి భళ్లున పగిలింది. ఆమె ముక్కలు ఏరింది. తర్వాత గ్యాసు మళ్లీ ఆరబెట్టింది. మైనం మళ్లీ మార్చింది. మెరుపులు మాత్రం పోలేదు. నాకు తెలుసు, అవెక్కడ పుడుతున్నాయో. చెప్పడానికి నోరేదీ? నాకున్న నోటికి రేకు అతికించారు.

ప్రదర్శన నాటి ఉదయం ఎర్రన్న పళ్లెంలో పసుపు కుంకుమ తెచ్చాడు. "పెద్దోలు వస్తన్నారు గదమ్మా. గొట్టానికి సుబ్బరంగా బొట్టెట్టండి."

దమయంతి వేలు పసుపులో ముంచింది. వేలిని పైకెత్తి, దాని వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఏటమ్మా, ఏటయ్యింది?"

ఆమె పటకారుతో రేడియం బిళ్లను తీసి సీసపు పెట్టెలో పెట్టి, లాంతరు దగ్గరికి లాక్కుని నా లోపలికి చూసింది. వెండి రేకు మీద గోధుమరంగుకు తిరిగిన ఎండిన బొట్టు అలాగే ఉంది. పసుపులో హైడ్రోజన్, కుంకుమలో హైడ్రోజన్. ఆల్ఫా కణాలు కొడుతున్నది ఆక్సిజన్‌ను కాదు, ఆమె పెట్టిన బొట్టును.

అతిథులు మెట్లెక్కుతున్నారు. దమయంతి ఆచార్యులను పక్కకు పిలిచి చెవిలో చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది. అంటే ఆయనకు అర్థమైంది. ఇది నేను కళ్లారా చూశాను.

"ముందు ప్రదర్శన కానీ" అన్నాడు ఆయన పళ్లు బిగించి. "వీళ్లు వెళ్లాక చూసుకుందాం. నీ ఉద్యోగం కూడా వీళ్ల చేతిలోనే ఉంది, గుర్తుంచుకో."

బిళ్ల మళ్లీ నాలో పెట్టారు. తలుపులు మూశారు. చీకటిలో పెద్దలు ఒక్కొక్కరే కన్ను పెట్టి ఆహా ఓహో అన్నారు. దమయంతి గోడకు ఆనుకుని నిలబడింది. చివరి పెద్దమనిషి లేచి ఆచార్యుల భుజం తట్టబోతుండగా ఆమె వెళ్లి నల్లగుడ్డ లాగేసింది. ఎండ అందరి కళ్లలో కొట్టింది.

"క్షమించాలి. ఆ మెరుపులు ఆక్సిజన్‌వి కావండీ. పసుపువి. దసరాకు లోపల బొట్టు పెట్టాం. పెట్టింది నేనే." బిళ్లను తీసి సీసపు పెట్టెలో వేసి, నన్ను వాళ్ల ముందుకు చాచింది. "చూడండి."

ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇంకెవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ నవ్వే కొంప ముంచింది.

ఆచార్యులు ఒక్క అంగలో వచ్చి నన్ను ఆమె చేతిలోంచి లాక్కున్నాడు. "నా పరిశోధన బొట్టు తుడిచావు గదే!" అని గోడకేసి శక్తికొద్దీ విసిరాడు.

ఫిరంగిలో కూడా నేను కదల్లేదు. గుండే వెళ్లింది, నేను ఉండిపోయాను. ఇప్పుడు గుండును నేనే. రాతిగోడకు నా కుడి పక్క తగిలి సొట్టపోయింది. అయినా అక్కడ ఆగలేదు, వెనక్కి తిరిగి దమయంతి నుదుటికి కొట్టుకున్నాను. నా అంచు చర్మం చీల్చుకుని ఎముక దాకా దిగింది. వెచ్చటి రక్తం నా మీద కారింది. ఆచార్యుల గురి ఆమె మీద లేదు, అది నిజం. నుదురు పగిలిన మనిషికి ఆ నిజంతో పనేమిటి?

ఆమె పడిపోలేదు. కొంగు నుదుటికి అదుముకుని వంగి నన్ను తీసింది. "ఎర్రన్నా, కొత్త రేకు ఇయ్యి" అంది. నా ఒంటి మీద నెత్తురు తుడిచి, పాత రేకు పీకి, కొత్తది అతికించింది. రేడియం బిళ్లను మళ్లీ లోపల పెట్టి, కుళాయిలు బిగించి చూసింది. పోలయ్య పోత కదా, సొట్టపోయినా గాలి విడవలేదు. అతిథులు కుర్చీల్లోంచి కదల్లేదు. ఆచార్యులు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

గది మళ్లీ చీకటి చేయించింది. ఆక్సిజన్ నింపింది. ఒక్కొక్కరే చూశారు. తెర నల్లగా ఉంది. తర్వాత నైట్రోజన్ నింపి, చీలికల నిండా రేకులు దోపింది. బయటి హైడ్రోజన్ ఏదీ దాటలేనన్ని రేకులు. మెరుపులొచ్చాయి. కొద్దిగానే, కానీ వచ్చాయి.

అందరూ చూశాక ఎర్రన్నే ఆచార్యుల చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడు. ఆయన చాలాసేపు కన్ను తీయలేదు.

"ఇవి లోపలివే" అన్నాడు చివరికి. "నిజంగా లోపలివే, అమ్మాయ్." భుజం మీది ఉత్తరీయం తీసి ఆమె వైపు చాచాడు. ఆమె అందుకోలేదు. ఎర్రన్న అందుకుని ఆమె తలకు కట్టాడు.

ఆమెకు ఆ ఉద్యోగం రాలేదు. పెద్దల ముందు గురువును అల్లరిపాలు చేసిన పిల్లకు ఎవరిస్తారు? పొరుగు జిల్లాలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పుకుంటూ చాలా ఏళ్లు గడిపింది. నాకు మనుషుల మీద ఉన్న కోపంలో సగం అందుకే. ఆచార్యులు ఆ తర్వాత సుద్దముక్క విసరలేదు. చెయ్యి లేచేది, గోడ వైపు చూసి దించుకునేవాడు. ఉద్యోగం విరమించే ముందు తన స్థానంలో ఆమెనే తీసుకోవాలని కాలేజీ పెద్దలతో పోట్లాడాడు. ఈసారి నోటితోనే పోట్లాడి గెలిచాడు.

ఆమె తిరిగొచ్చిన కొన్నాళ్లకే రెండో ప్రపంచ యుద్ధం ముగింపుకొచ్చింది. ఎర్రన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"జపానోల ఊరు ఒక్క బాంబుకి బూడిదైపోనాదంటమ్మా! మన గొట్టంల కొట్టుకుంటాయే, ఆటితోటేనంట! నిజమేనా?"

"ఆ దారిలోనే ఇంకా ముందుకు పోయారు, ఎర్రన్నా" అంది దమయంతి. సూక్ష్మదర్శిని మీద గుడ్డ కప్పేసి, ఆ రోజు ఎవరికీ పాఠం చెప్పలేదు. తగిలిందని ఎక్కడో ఎవరో అరిచే ఉంటారు. ఎవరికి తగిలిందో, వాళ్ల పేరేమిటో అడిగి ఉండరు.

తర్వాత కొత్త యంత్రాలు వచ్చాయి. నన్ను పాత ఇత్తడి కింద తూకానికి వేయబోతే ఆమె అడ్డుపడి ఈ బీరువాలో పెట్టించింది. బీరువా సర్దినవాళ్లు సొట్ట కనిపించకుండా గోడ వైపు తిప్పి పెడితే, ఆమె వచ్చి ఇటు తిప్పింది.

దసరాకు ఇప్పటికీ పూజ చేస్తారు. ఈ మధ్య దసరాకు కొత్తగా చేరిన ఒక పరిశోధక విద్యార్థిని పసుపు పళ్లెంతో వచ్చి బీరువా తెరిచింది. ముసలిదైన దమయంతి కుర్చీలో కూర్చుని చూస్తోంది. నుదుట బొట్టుండే చోట తెల్లటి మచ్చ. నా అంచు ఎంత వెడల్పో ఆ మచ్చా అంతే.

"ఎక్కడ పెట్టమంటారు మేడమ్?"

"పైన పెట్టు. నీ ఇష్టమొచ్చినంత పెట్టు."

ఆ పిల్ల పసుపు అద్దిన వేలితో నా మూత తీయబోయింది. దమయంతి కుర్చీలోంచి లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"లోపల వద్దమ్మా. లోపల ఏముందో కనుక్కోవడానికి చాలా దెబ్బలు పడ్డాయి" అని, ఆ పిల్ల వేలిని నా సొట్ట మీదికి తెచ్చి బొట్టు అక్కడ పెట్టించింది.